పాత ఫియట్ 500: పెట్రోల్ లైటు ఎక్కడ అబద్ధమాడుతోంది?

పెట్రోల్ ముల్లు లేని కారు అంటే ఇవాళ ఎవరికైనా విడ్డూరంగానే ఉంటుంది. 1957 జూలైలో ఇటలీలోని టురిన్‌లో ఫియట్ కంపెనీ విడుదల చేసిన 500 మోడల్ సరిగ్గా అలాంటిదే. డాంటే జియాకోసా రూపొందించిన ఈ బుల్లి కారులో ఇంజన్ వెనక ఉంటుంది. రెండే సిలిండర్లు, 479 సీసీ, రేడియేటర్ లేదు, నీళ్లతో పనే లేదు. మొదట్లో ధర 4,90,000 లీరాలు. ఆ ధరకు కారు అమ్మాలంటే తీసేయగలిగినవన్నీ తీసేయాలి. అలా పోయినవాటిలో పెట్రోల్ మీటరు ఒకటి. స్టీరింగ్ ముందు ఒకే ఒక్క మీటరు, అందులో వేగం, తిరిగిన కిలోమీటర్లు, నాలుగు చిన్న దీపాలు. పచ్చది పార్కింగ్ లైట్లది. మిగతా మూడూ ఎర్రవే: చార్జింగ్, ఆయిల్, పెట్రోల్. 1968లో వచ్చిన 500 ఎల్ అనే కాస్త ఖరీదైన రకానికి ముల్లు పెట్టారు గానీ, 1975లో ఉత్పత్తి ఆగేదాకా మామూలు రకాలకు ఆ ఎర్ర దీపమే దిక్కు.

ట్యాంకులో పట్టేది 21, 22 లీటర్లు. సుమారు నాలుగైదు లీటర్లు మిగిలినప్పుడు దీపం వెలగాలి. అప్పటిదాకా లోపల ఎంత ఉందో కారు చెప్పదు, అడిగే దారీ లేదు.

మనవాళ్లకు ఈ బతుకు కొత్తేమీ కాదు. ఇంట్లో పాత బజాజ్ చేతక్ స్కూటర్ ఉన్నవాళ్లెవరికైనా తెలిసిందే. బండి నడుస్తూ నడుస్తూ ఊపిరాడనట్టు గుర్రుమంటుంది, వెంటనే చెయ్యి సీటు కిందికి పోతుంది, ట్యాప్ రిజర్వుకి తిరుగుతుంది. అదీ అయిపోతే బండిని పక్కకు వంచడం, మూత తీసి అటూ ఇటూ ఊపి చప్పుడు వినడం. పాత వోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో కూడా చాలా ఏళ్లు ఇలాంటి ట్యాపే ఉండేది. ఆ ట్యాప్‌కి ఒక మంచి గుణం ఉంది. దాన్ని కిందటిసారి రిజర్వులోనే వదిలేసి మర్చిపోతే తప్ప, అది అబద్ధం చెప్పదు. కరెంటు లేదు, బల్బు లేదు, పాడవడానికి పెద్దగా ఏమీ లేదు.

దీపం అలా కాదు. అది వెలగలేదంటే రెండు అర్థాలు: పెట్రోల్ ఉంది, లేదా దీపం పాడైంది. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఎప్పుడూ వెలుగుతూ ఉండే దీపం చిరాకు పెడుతుంది, కాబట్టి యజమాని రెండో రోజే మెకానిక్ దగ్గరికి పరిగెడతాడు. ఎప్పుడూ వెలగని దీపం గురించి నెలల తరబడి ఎవరికీ తెలియదు. తెలిసేసరికి కారు ఏ ఘాట్ రోడ్డు మీదో ఆగి ఉంటుంది. ఈ రెండింటిలో ముందు భయపడాల్సింది రెండోదానికే. అయినా షెడ్లలో మొదటిదాని మీదే ఎక్కువ ఫిర్యాదులు వస్తాయంటే ఆశ్చర్యం లేదు.

రిపేరు మొదలుపెట్టే ముందు కరెంటు నడిచే దారి ఒకసారి మనసులో వేసుకోవాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి తాళం స్విచ్‌కి, అక్కడినుంచి ఫ్యూజుకి, ఫ్యూజు నుంచి మీటరులోని బల్బుకి. బల్బు రెండో కొస నుంచి ఒక ఒంటరి వైరు ట్యాంకు దాకా పోతుంది. ట్యాంకు పైన బిగించిన యూనిట్‌లో ఒక చేయి, దాని చివర పెట్రోల్ మీద తేలే ఫ్లోట్. పెట్రోల్ తగ్గేకొద్దీ చేయి కిందికి వాలుతుంది. ఒక హద్దు దాటగానే లోపల కాంటాక్ట్ అనే రెండు లోహపు బిళ్లలు కలుస్తాయి. అంతే, కరెంటు యూనిట్ ఒంటి మీదుగా ట్యాంకులోకి, ట్యాంకు నుంచి కారు బాడీలోకి, బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి చేరి చక్రం పూర్తవుతుంది. దీపం వెలుగుతుంది. అంటే స్విచ్ బల్బుకు ముందు లేదు, వెనక, ఎర్త్ వైపున ఉంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే సగం తలనొప్పి తగ్గినట్టే. ఎందుకంటే ఆ ఒంటరి వైరు దారిలో ఎక్కడ బాడీకి తగిలినా దీపం వెలుగుతుంది, ఎక్కడ తెగినా ఆరిపోతుంది. ట్యాంకులో ఎంత ఉందన్నదానితో దానికి పని లేదు.

చాలామంది చేసే పొరపాటు నేరుగా ట్యాంకు యూనిట్ కొత్తది తెప్పించుకోవడం. అది తెలివైన పద్ధతి కాదు. విడి భాగం ఇటలీ నుంచి రావాలి, డబ్బు పోతుంది, యూనిట్‌కీ ట్యాంకుకీ మధ్య ఉండే రబ్బరు ప్యాకింగ్ తీసి మళ్లీ వేయాలి. తీరా బిగించాక కూడా దీపం వెలగకపోతే, అప్పుడు గానీ అసలు తప్పు ఇంకెక్కడో ఉందని తెలియదు. ఈ మొత్తం దారిలో ట్యాంకు యూనిట్ ఒక మెట్టు మాత్రమే. అన్నిటికంటే కష్టమైన మెట్టు కూడా అదే. దాన్ని ఆఖరికి ఉంచుకోవాలి.

ముందు పక్కింటి సాక్ష్యం. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి ఆయిల్ దీపం చూడాలి. ఈ కారులో ఆయిల్ దీపం, పెట్రోల్ దీపం, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు, వైపర్ అన్నీ ఒకే ఫ్యూజు మీద ఆధారపడి ఉంటాయి. ఆయిల్ దీపం వెలిగిందంటే బ్యాటరీ, తాళం, ఫ్యూజు ముగ్గురూ నిర్దోషులు. ఏ పనిముట్టూ అక్కర్లేకుండా దారిలో మూడో వంతు తేలిపోయింది. ఆయిల్ దీపమూ వెలగక, వైపర్ కూడా కదలకపోతే పెట్రోల్ దీపం సంగతి పక్కనపెట్టి ఫ్యూజు పెట్టె తెరవాలి. పాత ఫియట్ ఫ్యూజులు రెండు కొసలా కోసుగా ఉండి, రాగి రేకుల మధ్య ఇరుక్కుని కూర్చుంటాయి. లోపలి తీగ బాగానే ఉన్నా కొసల దగ్గర చిలుము పట్టి కరెంటు పోదు. ఫ్యూజును వేలితో నాలుగుసార్లు గుండ్రంగా తిప్పితే ప్రాణం లేచొస్తుంది. అది తాత్కాలికమే. తీసి రేకులను ఎమ్రీ పేపరుతో రుద్దడమే అసలు పని.

ఆయిల్ దీపం వెలిగి, పెట్రోల్ దీపం మాత్రం మొండికేస్తే అప్పుడు చేయాల్సింది ఒక ముక్క వైరు పరీక్ష. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే దీన్నే గుర్తుంచుకోవాలి. తాళం ఆఫ్‌లో పెట్టి, ట్యాంకు యూనిట్ మీది వైరు ఊడదీసి, దాని కొసకు ఒక పొడవాటి వైరు ముక్క తగిలించి, ఆ ముక్క రెండో కొసను ట్యాంకుకు దూరంగా, రంగు లేని బాడీ బోల్టుకి గట్టిగా బిగించాలి. ఆ తర్వాతే తాళం తిప్పాలి. ఈ వరస మార్చకూడదు. తాళం ఆన్‌లో ఉండగా వైరును బాడీకి తాకిస్తే అక్కడ చిన్న నిప్పురవ్వ లేస్తుంది. ఈ కారులో ట్యాంకు, పెట్రోల్ పోసే మూత, బ్యాటరీ అన్నీ ముందు బానెట్ కిందే ఉంటాయి. ఆ ఇరుకులో పెట్రోల్ ఆవిరి పేరుకుని ఉంటే నిప్పురవ్వ ఎంత చిన్నదన్నది లెక్కలోకి రాదు. ముందే బిగించి ఉంచితే కరెంటు కలిసేది తాళం స్విచ్ లోపలే. బానెట్ ఒక పావుగంట ముందే తెరిచిపెట్టడం కూడా మంచిది.

ఇప్పుడు దీపం వెలిగిందా? అయితే మీటరు నుంచి ట్యాంకు దాకా అంతా బాగుంది, తప్పు ట్యాంకు యూనిట్‌లోనో దాని ఎర్త్‌లోనో ఉంది. వెలగలేదా? ట్యాంకు జోలికే పోనక్కర్లేదు, తప్పు బల్బులోనో దాని హోల్డర్‌లోనో వైరులోనో ఉంది. ఒక్క ముక్క వైరు కారును రెండుగా కోసి, అబద్ధం ఏ సగంలో పుడుతోందో చెప్పేసింది. ఇలా బాడీకి కలిపితే ఏదైనా కాలిపోతుందేమో అని భయం వద్దు. మధ్యలో బల్బు ఉంది కదా. 12 వోల్టుల మీద 3 వాట్ల బల్బు లాగేది పావు ఆంపియర్. అంతకుమించి పోనివ్వదు.

మల్టీమీటరు ఉన్నవాళ్లు ఇంకో మెట్టు పైకి పోవచ్చు. వైరును ట్యాంకు యూనిట్ మీదే ఉంచి, ఆ పిన్నుకీ బాడీకీ మధ్య వోల్టేజీ చూడాలి. ట్యాంకు నిండా ఉండి 12 వోల్టులు కనిపిస్తే అంతా సవ్యం, లోపలి కాంటాక్ట్ తెరిచి ఉంది, బల్బు గుండా వోల్టేజీ ఇక్కడిదాకా వచ్చి ఎదురుచూస్తోంది. ట్యాంకు ఖాళీగా ఉన్నా అదే 12 వోల్టులు ఉంటే కాంటాక్ట్ కలవడం లేదు, లేదా కలిసినా ఎర్త్ లేదు. సున్నా కనిపించి దీపం వెలుగుతుంటే కాంటాక్ట్ కలిసి ఉంది, లేదంటే వైరు దారిలో ఎక్కడో బాడీకి తగులుతోంది. సున్నా కనిపించి దీపం కూడా వెలగకపోతే వైరు తెగింది, లేదా బల్బు పోయింది. అయితే డిజిటల్ మీటరు ఒక మోసం చేస్తుంది. అది లాగే కరెంటు దాదాపు ఏమీ లేదు కాబట్టి, వైరులో ఒక్క పోగు మిగిలినా, పిన్ను మీద ఆకుపచ్చ చిలుము కట్టినా 12 వోల్టులే చూపిస్తుంది. బల్బు వెలగడానికి మాత్రం ఆ ఒక్క పోగు చాలకపోవచ్చు. పాత మెకానిక్కులు మీటరు కంటే ముక్క వైరునే నమ్మడంలో మొండితనం లేదు. దానిలో నిజంగా కరెంటు నడుస్తుంది.

బల్బు గురించి ఒక మాట. చల్లగా ఉన్న బల్బును ఓమ్ మీటరుతో కొలిస్తే నాలుగైదు ఓమ్‌లే చూపిస్తుంది. 12 వోల్టులను పావు ఆంపియర్‌తో భాగిస్తే 48 రావాలి కదా, ఇది షార్ట్ అయిందేమో అని పారేసేవాళ్లున్నారు. తీగ వేడెక్కితే గానీ దాని నిరోధం ఆ స్థాయికి పోదు. అనుమానం ఉంటే ఆయిల్ దీపం బల్బును తీసి ఇందులో, ఇందులోది అందులో పెట్టి చూస్తే చాలు. బల్బు బాగుండి హోల్డర్ వదులైన కార్లు ఎక్కువ. యాభై అరవై ఏళ్ల రేకు అది, స్ప్రింగులా నెట్టే గుణం చచ్చిపోయి ఉంటుంది. చిన్న స్క్రూ డ్రైవర్‌తో నాలుకను కాస్త పైకి లేపితే పని అయిపోతుంది.

ముక్క వైరు పరీక్షలో తప్పు ట్యాంకు వైపు తేలినా, అప్పుడు కూడా యూనిట్ విప్పేయాలన్న తొందర వద్దు. ఎర్త్ చూడాలి. రీస్టోర్ చేసిన కార్లలో ఇది దాదాపు ప్రతిసారీ మొదటి ముద్దాయి. కథ ఒకేలా నడుస్తుంది. కారు విప్పి, తుప్పు గీకి, ట్యాంకుకు కూడా దట్టంగా పెయింట్ వేయించి, కొత్త రబ్బరు ప్యాకింగ్ పెట్టి, సీలెంట్ రాసి, బోల్టులకు కూడా రంగు పూసి అద్దంలా మెరిపిస్తారు. పెయింటు అందానికి అడ్డం రాదు గానీ కరెంటుకు అడ్డం వస్తుంది. ట్యాంకు రబ్బరు మీద కూర్చుంది, యూనిట్ ప్యాకింగ్ మీద కూర్చుంది, లోహం లోహాన్ని తాకే చోటే లేదు. "పెయింటింగ్‌కి ముందు బాగానే ఉండేది" అన్న మాట వినపడగానే ఎర్త్ వైపు చూడాలి. యూనిట్ బిగించిన స్క్రూల్లో ఒకదాని కింద ఒక వైరు పెట్టి నేరుగా బాడీకి తీసుకుపోతే తేలిపోతుంది. దాంతో దీపం పనిచేస్తే ఆ వైరును శాశ్వతంగా అక్కడే ఉంచేయడంలో తప్పేమీ లేదు. కంపెనీ ఇవ్వలేదు కదా అని తీసేసే శుద్ధవాదులు కూడా ఉన్నారు. వాళ్ల ఇష్టం.

ఎర్త్ కూడా బాగుంటే ఇక యూనిట్ విప్పక తప్పదు. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ఇంజన్‌కి పెట్రోల్ లాగే గొట్టం కూడా ఈ యూనిట్‌లో భాగమే కాబట్టి పైపు కూడా ఊడదీయాలి. ట్యాంకులో పెట్రోల్ వీలైనంత తక్కువ ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవాలి. స్క్రూలు ఎన్ని, ఏ దిక్కున ఉన్నాయో గుర్తుపెట్టుకుని, ఫ్లోట్ చేయి ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకుని, మెల్లగా వంపుతూ పైకి లాగాలి. విసురుగా లాగితే చేయి వంగుతుంది. వంగిన చేయితో తిరిగి బిగిస్తే దీపం వెలిగే లెక్కే మారిపోతుంది.

చేతిలోకి వచ్చిన యూనిట్ చూడటానికి చాలా చిన్న వస్తువు. పైన ఒక బిళ్ల, కింద సన్నటి కడ్డీ, చివర ఫ్లోట్, అడుగున జల్లెడ ఉన్న గొట్టం. పాత పెట్రోల్ ఎండి బంకలా మారిన పసుపు పూత దాని మీద మెరుస్తుంటుంది. గోటితో గీకితే పొరలా లేస్తుంది. చేయి కీలు దగ్గర ఆ బంక చేరితే ఫ్లోట్ పైనే ఇరుక్కుంటుంది, పెట్రోల్ అడుగంటినా దిగదు. కాంటాక్ట్ బిళ్లలను వెలుతురులో తిప్పి చూస్తే మధ్యలో సూదిమొనంత నల్లటి గుంట కనిపిస్తుంది. ప్రతిసారీ కలిసీ విడీ అక్కడ కాలి పడిన మచ్చ అది. పని అంతా ఆ సూదిమొనంత చోట జరుగుతుంది. సన్నటి ఎమ్రీ పేపరు పీలికను బిళ్లల మధ్య పెట్టి రెండు మూడుసార్లు లాగి, తర్వాత మామూలు కాగితం ముక్కతో తుడిస్తే చాలు. ఆకురాయితో రుద్దేస్తే పైపూత పోయి, ఆర్నెల్లకే మళ్లీ మొదటికొస్తుంది. గుంట మరీ లోతుగా ఉంటే అప్పుడు కొత్త యూనిట్ కొనడం సబబు.

ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపాలి. లోపల గలగల వినిపిస్తే పెట్రోల్ దూరింది, అంటే ఎక్కడో చిల్లు ఉంది. ఇత్తడి ఫ్లోట్ అయితే వేడి నీళ్ల గిన్నెలో ముంచితే లోపలి గాలి వ్యాకోచించి చిల్లు దగ్గర బుడగలు వరసగా లేస్తాయి. స్టవ్ మీద ఉన్న గిన్నెలో కాదు, దించి దూరంగా పెట్టిన గిన్నెలో. ఇత్తడి ఫ్లోట్‌కి టంకం వేయొచ్చు గానీ లోపలి పెట్రోల్ చుక్క మిగలకుండా పోయాకే వేయాలి. లేకపోతే చేతిలో టపాకాయ పట్టుకున్నట్టే. ప్లాస్టిక్‌ది అయితే మార్చేయడమే.

చిల్లు పడ్డ ఫ్లోట్ వల్ల వచ్చే జబ్బు వేరు. అది మునిగిపోతుంది కాబట్టి ట్యాంకు నిండా ఉన్నా దీపం ఆరదు. ఆరని దీపానికి ముక్క వైరు కూడా అక్కర్లేదు, ట్యాంకు మీది వైరు ఊడదీస్తే సరిపోతుంది. ఊడదీయగానే దీపం ఆరిందా, తప్పు యూనిట్‌లో ఉంది: ఫ్లోట్ మునిగింది, చేయి వంగింది, కాంటాక్ట్ అతుక్కుపోయింది. ఊడదీసినా వెలుగుతూనే ఉందా, వైరు దారిలో ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది. రేకుకు వేసిన రంధ్రం గుండా వైరు పోయే చోట రబ్బరు రింగు ఎండి రాలిపోయిందేమో ముందు చూడాలి. మీటరు కొత్తగా విప్పి బిగించిన కారైతే, బిగించేటప్పుడు వైరు వెనక నలిగిందేమో చూడాలి.

మినుకుమినుకుమనే దీపం సగం సందర్భాల్లో జబ్బే కాదు. పెట్రోల్ హద్దు దగ్గరికి రాగానే మలుపుల్లో, బ్రేక్ వేసినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు లోపలి పెట్రోల్ ఒక పక్కకు ఒరుగుతుంది, ఫ్లోట్ ఊగుతుంది, దీపం ఒక క్షణం వెలిగి ఆరుతుంది. ఈ కారుతో ఏళ్లుగా ఉన్నవాళ్లు దాన్నే మీటరులా వాడుకుంటారు: మలుపులో మెరిస్తే ఇంకా టైముంది, తిన్నటి రోడ్డు మీద నిలబడి వెలిగితే బంకు వెతకాలి. జబ్బుకీ దీనికీ తేడా సులువు. కారు ఒరుగుడుతో పాటు మెరిస్తే పెట్రోల్. గతుకుల్లో మాత్రమే మెరిస్తే లూజు కనెక్షన్. ఇండికేటర్ టిక్కుటిక్కుమన్నప్పుడల్లా దాంతోపాటే మెరిస్తే ట్యాంకుతో సంబంధం లేదు, మీటరు వెనక వైర్లు చూసుకోవాలి.

బల్బుల చోట ఎల్ఈడీలు పెట్టే ఫ్యాషన్ వచ్చాక ఇంకో రకం వింత మొదలైంది. దీపం పూర్తిగా ఆరదు, చీకట్లో మసకగా కనిపిస్తూనే ఉంటుంది. పాత బల్బు వెలగాలంటే పావు ఆంపియర్ కావాలి, ఎల్ఈడీకి అందులో నూరో వంతు ఉన్నా మినుకుతుంది. యూనిట్ పైన దుమ్ము, తేమ కలిసి కట్టిన పొర గుండా జారే కాస్త కరెంటు చాలు దానికి. పైగా దానికి ప్లస్, మైనస్ తేడా ఉంది, తిరగేసి పెడితే అసలు వెలగదు. వెలుతురు ఎక్కువ కావాల్సిన చోట ఎల్ఈడీ మంచిదే. హెచ్చరిక దీపానికి మాత్రం పాత బల్బే మేలు. కరెంటు ఆకలి దాని లోపం కాదు, చిన్నాచితకా లీకులను అది పట్టించుకోకపోవడానికి కారణం అదే.

ముల్లు, దీపం రెండూ ఉన్న కార్లలో లెక్క కాస్త మారుతుంది, కానీ సుఖంగా మారుతుంది, ఎందుకంటే సాక్షులు ఇద్దరయ్యారు. రెండూ ఒకేసారి పిచ్చిగా ప్రవర్తిస్తే ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ట్యాంకు దగ్గర ఎర్త్, ముందు అదే చూడాలి. ముల్లు సరిగ్గా ఉండి దీపం ఒక్కటే తప్పితే ఎర్త్ బాగున్నట్టే, కాంటాక్టో బల్బో చూసుకోవాలి. మన దగ్గర ఫియట్ 1100 ఆధారంగా ముంబైలో తయారైన ప్రీమియర్ పద్మిని ముల్లు పిచ్చిగా తిరిగినా వెతుకులాట ఇలా ఎర్త్ దగ్గరే మొదలుపెట్టాలి. ఒక జాగ్రత్త ఏమిటంటే ముక్క వైరు పరీక్ష దీపం వైరుకు ఎంతసేపైనా చేయొచ్చు గానీ ముల్లు వైరుకు రెండు క్షణాలకు మించి చేయకూడదు. ముల్లు ఒక కొసకు కదలడం చూడగానే తీసేయాలి. లోపలి సన్న తీగ వేడెక్కి కాలిపోతుంది.

జాగ్వార్ ఇ-టైప్ లాంటి బ్రిటిష్ కార్ల ట్యాంకు యూనిట్ మీద రెండు పిన్నులు, వాటి పక్కన టి, డబ్ల్యూ అనే అక్షరాలు ఉంటాయి. టి ముల్లుకు, డబ్ల్యూ దీపానికి. ఎవరో ఎప్పుడో ట్యాంకు దించి మళ్లీ ఎక్కిస్తూ ఈ రెండు వైర్లను తారుమారు చేస్తే తమాషా మొదలవుతుంది. దీపం రోజంతా మసకగా వెలుగుతుంది. ముల్లు చచ్చినట్టు పడుకుని, సరిగ్గా పెట్రోల్ అయిపోవచ్చే వేళకు లేచి ఫుల్ చూపిస్తుంది. దీన్ని చూసి మీటరు మార్చినవాళ్లు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంకో సంగతి, ఈ కార్లలో చాలావాటికి ముల్లుకు వచ్చే కరెంటు స్టెబిలైజర్ గుండా 10 వోల్టులకు తగ్గి వస్తుంది, దీపానికి అలా కాదు, బ్యాటరీ వోల్టేజీ నేరుగా వస్తుంది. పెట్రోల్ ముల్లు, ఇంజన్ వేడి ముల్లు రెండూ తప్పు చూపిస్తూ దీపం మాత్రం సరిగ్గా ఉంటే ట్యాంకు వైపు పోనే వద్దు, స్టెబిలైజర్‌ని పట్టుకోవాలి.

1976 నుంచి 1986 దాకా వచ్చిన మెర్సిడెస్ డబ్ల్యూ 123లో ఎర్త్ కోసం ట్యాంకు ఒంటిని నమ్ముకోలేదు, యూనిట్‌కే విడిగా ఎర్త్ వైరు ఇచ్చారు. మూడు పిన్నులు: ముల్లుకు జి, దీపానికి డబ్ల్యూ, ఎర్త్‌కు 31. పెయింట్ వేయించినా దీపం పోదు. అయితే అందులో ఫ్లోట్ ఒక గొట్టం లోపల వెంట్రుకంత తీగల మీద జారుతుంది. గొట్టం విప్పి శుభ్రం చేసేటప్పుడు గుడ్డతో గట్టిగా తుడిస్తే తీగ తెగి ఊరుకుంటుంది. మెత్తటి కుంచె, కాంటాక్ట్ క్లీనర్, ఓపిక ఈ మూడింటితోనే ఆ పని.

మళ్లీ ఫియట్‌కి వస్తే, దీపం వెలగడం ఆరడం సరిచేశాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: అది ఎన్ని లీటర్ల దగ్గర వెలుగుతోంది? కొత్తగా తయారవుతున్న యూనిట్లు చూడటానికి పాతవాటిలాగే ఉన్నా చేయి వంపులో తేడా ఉండొచ్చు. రెండు లీటర్ల దగ్గర వెలిగేది, ఎనిమిది లీటర్ల దగ్గరే వెలిగేది కూడా దీపం వెలిగే యూనిట్లే. తేల్చుకోవడానికి దారి ఒకటే. ట్యాంకు ఖాళీ చేసి, తాళం తిప్పి దీపం వెలుగుతుండగా ఒకసారి చూసి, తాళం ఆపి, కొలిచిన ఒక్కో లీటరు పోస్తూ, పోసిన ప్రతిసారీ మూత పెట్టి తాళం తిప్పి చూస్తూ పోవాలి. ఎన్నో లీటరుకు దీపం ఆరిందో అదే ఆ కారు అసలైన రిజర్వు. లీటరుకు 20 కిలోమీటర్లు వస్తుందనుకుంటే నాలుగు లీటర్లకు 80 రావాలి గానీ, లాగే గొట్టం ట్యాంకు అడుగుకు కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆఖరి కొంత ఇంజన్‌కి అందదు. 60 అని పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఇదే పనిలో ఇంకో పని కలుపుకోవచ్చు. పెట్రోల్ పోసే మూత బానెట్ కింద ట్యాంకు మీదే ఉంటుంది కాబట్టి, ఒక సన్నటి కర్రపుల్ల నిలువుగా దించి, ఒక్కో లీటరు పోసినప్పుడల్లా తడిసిన ఎత్తు దగ్గర చాకుతో గాటు పెట్టుకుంటే కారుకు లేని మీటరు దొరికినట్టే. పుల్ల వెదురుదైతే పెట్రోల్‌కి ఉబ్బదు, స్పేర్ చక్రం పక్కన ఇమిడిపోతుంది. గాట్లు పెట్టే రోజు కారు చదునైన నేల మీద నిలబెట్టారో లేదో చూసుకోవాలి. షెడ్డు ముందు వాలు మీద నిలబెట్టి పెట్టిన గాట్లు, ఇంటికి వచ్చాక ఒక్కటీ సరిపోవు.